రేకుల గదిలో బోడి పురుగులు

కోత మిల్లులో పెద్ద రంపం దగ్గర పనిచేసేవాళ్ళకి గొంతు పెద్దదవుతుందంటారు. రంపం అరుపు మీదుగా మాట్లాడాలి కనక. దూలం సంగతి వేరు. రంపం మొహం చూడకముందే అతని గొంతు పెద్దది. ఉయ్యాల్లో ఉన్నప్పుడు అతను ఏడిస్తే పక్క వీధిలో తలుపులు వేసుకునేవాళ్ళట. ఈ మాట చెప్పింది కూడా అతనే కాబట్టి, ఒక వీధి తగ్గించుకుని నమ్మడం మంచిది.

అసలు పేరు ఆసుపత్రి చీటీ మీద తప్ప ఎక్కడా పనికొచ్చేది కాదు. ఎత్తూ లావూ చూసి మిల్లులో దూలం అన్నారు, అదే ఖాయమైంది. అదే మిల్లులో కలప కొట్టు తాళాలు చూసే తమ్ముడు ఊదితే ఎగిరిపోయేలా ఉండేవాడు. దుంగ నుంచి లేచే సన్న చెక్కలాంటివాడని అతన్ని పేడు అన్నారు. ఒకే కడుపున దూలమూ పేడూ ఎలా పుట్టాయని ఎవరైనా అడిగితే, "మా అమ్మ ముందు నన్ను కోసింది, మిగిలిన ముక్కల్తో వాణ్ణి చేసింది" అనేవాడు దూలం. పేడు నవ్వేవాడు. అన్న ఏం చెప్పినా నవ్వడం అతనికి చిన్నప్పటి నుంచీ అప్పజెప్పిన పని.

ఇద్దరిదీ ఒకటే ఇల్లు. మధ్యలో ఒక గోడ, గోడలో ఒక తలుపు. ఆ తలుపుకి గొళ్ళెం ఉందన్న సంగతి కూడా ఎవరికీ గుర్తులేదు. పెరట్లో రేకుల గది. అందులో కొమ్ము పురుగులు.

కొమ్ము పురుగంటే ఏమిటో తెలియనివాళ్ళకి దూలం తన బొటనవేలు చూపించేవాడు. ఒంటి మీద నల్లటి పెంకు, తల మీద పైకి లేచిన కొమ్మొకటి, మెడ మీంచి ముందుకు వంగిన కొమ్మొకటి. రెండూ కలిస్తే పట్టకారు. ఆడదానికి కొమ్ములుండవు. మగవాటిని ఎదురెదురుగా దుంగ మీద వదిలి, మధ్యలో పండిన పండు గుజ్జు రాస్తే, గుజ్జు కోసం ఒకదాన్నొకటి ఎత్తి పారేస్తాయి. దుంగ మీంచి పడింది ఓడినట్టు. సెలవు రోజు మధ్యాహ్నం మిల్లు వెనక ఈ పందెం చూడ్డానికి జనం చేరేవాళ్ళు. పందెమంటే డబ్బు పందెం కాదు, మాట పందెం. గెలిచినవాడు వారమంతా మాట్లాడొచ్చు, ఓడినవాడు వినాలి. దూలానికి ఇంతకన్నా పెద్ద బహుమానం ఉండదు.

అతని గెలుపంతా ఒక్క పురుగు చలవ. పేరు దొర. కొమ్ము కొన ఎడమవైపుకి కాస్త వంగి ఉండేది, టోపీ వాల్చి పెట్టుకున్నట్టు. దొర సంగతి మొదలుపెడితే దూలం కాకి కథ దాకా వచ్చేవాడు. ఒకరోజు కాకి వచ్చి దొరని ముక్కున కరుచుకుపోయిందట. దొర ఆ ముక్కునే కొమ్ముల మధ్య బిగించి పట్టిందట. నోరు తెరవలేక, అరవలేక కాకి నాలుగు వీధులూ తిరిగి, చివరికి మిల్లు గేటు మీద వాలి, విడిపించమని దూలం వంక దీనంగా చూసిందట. "బుద్ధొచ్చిందా అని అడిగి వదిలించా. ఆ రోజు నుంచి మిల్లు కప్పు మీద ఒక్క కాకి వాలితే చూపించండి." నిజంగానే ఒక్కటీ వాలేది కాదు. కింద అంత రంపం అరుస్తుంటే ఏ కాకి వాలుతుంది. అయినా ఆ కథకి సాక్షులు కూడా తయారయ్యారు, కాకి కళ్ళలో నీళ్ళు చూశామన్నవాళ్ళతో సహా.

దొర చచ్చిపోయాక దొర పిల్లలు, ఆ పిల్లల పిల్లలు దుంగ ఎక్కాయి. అన్నిటికీ అదే కొమ్ము, అదే ఎడమ వంపు. "రక్తం" అనేవాడు దూలం. "రక్తంలో ఉండాలి. మిగతాదంతా ఊరికే."

ఆ మిగతాదంతా పేడు చూసుకునేవాడు. పిల్ల పురుగులు తెల్లగా, బొద్దుగా, చెవి ఆకారంలో ముడుచుకుని పడుంటాయి. వాటికి బాగా మాగిన రంపపు పొట్టు కావాలి. పేడు మిల్లులోంచి పొట్టు మోసుకొచ్చి, తడిపి, మాగబెట్టి, డబ్బాలు నింపేవాడు. ఎదిగినవాటిని విడివిడి సీసాల్లో పెట్టేవాడు. మధ్యాహ్నం పూట పరుగున ఇంటికొచ్చి రేకుల మీద తడి గోనెసంచులు పరిచి వెళ్ళేవాడు. దూలం గదిలోకి వెళ్ళేది సెలవు రోజున, గెలిచేదాన్ని ఏరుకోవడానికి.

గది పక్కన ఒక పెద్ద చెట్టుండేది. మధ్యాహ్నమంతా దాని నీడ రేకుల మీదే. ఆకులు రాలి రేకులు తుప్పు పడుతున్నాయని దూలానికి దాని మీద కోపం.

"ఉండనీ అన్నయ్యా. ఎండలు ఏడాదికేడాది ముదురుతున్నాయి. నీడ పోతే గది పెనమైపోద్ది."

"పురుగుకి నీడేంట్రా? దానికి గొడుగు కూడా పడతావా?"

చెట్టు కూలింది. దూలమే తన రంపం మీద దాన్ని కోశాడు. దాని మాను నుంచి ఒక మంచి దుంగ తీసి మిల్లు వెనక వేయించాడు. ఇక నుంచి పందేలన్నీ దాని మీదే. దొర వంశానికి సింహాసనం అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

ఆ ఏడు ఎండ ఎవరినీ వదల్లేదు. మిల్లులో ఇనుప పట్టాలు ముట్టుకోవడానికి చేతికి గుడ్డ చుట్టుకోవాల్సి వచ్చింది. పేడు సంచులు తడిపి పరిస్తే, అతను గేటు దాటేలోపే ఎండిపోయేవి. గది మూల గొయ్యి తవ్వి డబ్బాలు భూమిలోకి దించుదామన్నాడు. పందెంలో గెలిచే జాతిని గోతిలో పెంచుతారా అన్నాడు దూలం. వానలు పడ్డాక గూళ్ళలోంచి బయటికొచ్చిన మగ పురుగులకి కొమ్ములు సగమే ఉన్నాయి. దూలం వాటిని కుర్రవాళ్ళన్నాడు, ఇంకా పెరుగుతాయన్నాడు. పెంకు తొడుక్కున్న పురుగు ఇక పెరగదని అతనికీ తెలుసు.

ఆ రోజుల్లోనే కాలేజీలో పురుగుల మీద పనిచేసే మేడం ఒకావిడ పందెం చూడ్డానికి వచ్చింది. దుంగ పక్కనే టీ కొట్టు బెంచీ మీద కూర్చుని, సగం కొమ్ముల పురుగుని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మీ గదిలో మధ్యాహ్నం వేడి ఎంత ఉంటుందండీ?"

"పురుగులకి జ్వరం చూసే అలవాటు లేదండి మాకు" అన్నాడు దూలం. జనం నవ్వారు. ఆవిడా నవ్వింది.

"వేడిలో పిల్ల పురుగు తొందరపడి గూడు కట్టేసుకుంటుంది. తిని పెరిగే రోజులు తగ్గిపోతాయి. ఒళ్ళు చిన్నదైతే కొమ్ము మొలవదు. కొమ్ము ఎంత మొలవాలో అది రక్తాన్నొక్కదాన్నే అడిగి తేల్చుకోదు, ఒంటిని కూడా అడుగుతుంది."

"అయితే రక్తం ఎందుకండీ, కడుక్కోవడానికా?"

"రక్తం దుంగలాంటిది. దాన్నుంచి దూలమూ తియ్యొచ్చు, పేళ్ళూ తియ్యొచ్చు. రంపం ఎక్కడ పెడతారన్న దాన్ని బట్టి ఉంటుంది."

అన్నదమ్ముల పేర్లు ఆవిడకి తెలియవు. జనం పొట్టలు పట్టుకున్నారు. "వీళ్ళమ్మ చేసిందీ అదే మేడం" అన్నాడు టీ కొట్టాయన. దుంగ దగ్గర న్యాయం చెప్పేది కూడా అతనే. ఆవిడ అయోమయంగా చూసి, మళ్ళీ చెప్పింది.

"ఇంకోటి. ఎండదెబ్బ తిన్న తల్లి గుడ్లు పెడితే, పిల్లల్లో కొన్ని తలుపులకి ముందే గొళ్ళెం పడి ఉంటుందేమోనని మేం పరీక్షిస్తున్నాం. రక్తం మారదు. లోపల గొళ్ళెం పడుతుంది, అంతే. చల్లగా పెంచితే ఒకటి రెండు తరాల్లో ఊడిపోవచ్చు కూడా. ఖాయంగా ఇంకా చెప్పలేం."

పేడు ఒక్కడే నవ్వకుండా విన్నాడు. చల్లగా అంటే ఎంత చల్లగా అని అడిగాడు కూడా. ఆవిడ వెళ్ళిన వారమంతా దూలం టీ కొట్టులో ఆవిడ మాటల్ని వెక్కిరించాడు. "ఎండకి కొమ్ములు కరిగిపోతాయంట. కొవ్వొత్తులనుకుంది. రేపు ఎండలో నిలబడితే మా ఓనరు మీసం కూడా కారిపోద్ది." ఓనరు మీసం దగ్గరకొచ్చేసరికి జనానికి టీ ముక్కుల్లోకి పోయేది.

తర్వాతి ఏడు కొమ్ములు సగం కూడా లేవు. మగ పురుగులన్నీ బోడివి. తల మీద కందిగింజంత బొడిపె, అంతే. దుంగ దగ్గర బోడి పురుగుకి ప్రవేశం లేదు. దూలం సీసాలన్నీ విదిలించి చూసి, "తప్పుడు రక్తం. కోళ్ళకి వెయ్" అని పెళ్ళానికి చెప్పి మిల్లుకి నడిచాడు, ఖాళీ చేతుల్తో.

ఆ మధ్యాహ్నం టైర్ల కొట్టువాడి పురుగు గెలిచింది. దూలం ఇన్నేళ్ళూ ఎవరెవరి చెవులు తిన్నాడో వాళ్ళంతా వడ్డీతో సహా తీర్చుకున్నారు.

"ఏం దూలం, మీ దొర రాలేదా? కాకి ఎత్తుకుపోయిందా?"

"రాజ్యం పోయిందంట. గుండు కొట్టించుకుని తిరుగుతున్నారంట."

"రక్తమన్నావు కదా బాబాయ్. పల్చబడిందా?"

దూలానికి మాట పోవడం అదే మొదలు. మాట వెతుక్కునే మనిషి చేతికి ఏది దొరికితే అది పట్టుకుంటాడు. అతని కంటికి జనంలో నిలబడ్డ తమ్ముడు దొరికాడు.

"గదిలోకి నేను వెళ్ళేది సెలవు రోజున" అన్నాడు. "మిగతా రోజులు తాళం ఎవడి దగ్గరుంటుందో వాణ్ణడగండి. టైర్ల కొట్టుకి ఒక్కసారిగా కొమ్ములెలా వచ్చాయో కూడా వాణ్ణే అడగండి. మా పిల్ల పురుగుల్ని మార్చేశారు."

పేడు నవ్వబోయాడు, అలవాటు కొద్దీ. సగంలో ఆగిపోయాడు.

"అన్నయ్యా, నిజంగా అంటున్నావా, కథ చెప్తున్నావా?"

"నేనెప్పుడు చెప్పాన్రా కథలు?"

ఈ ఒక్క మాటకి మాత్రం ఎవరూ నవ్వలేదు.

పేడు మిల్లులో తాళాల మనిషి. తాళాల మనిషి మీద దొంగ అన్న మాట పడితే, అది నిజమా కాదా అని ఎవరూ తూకం వెయ్యరు. ఓనరు మర్యాదగానే కలప కొట్టు తాళాలు వెనక్కి తీసుకుని, పొట్టు ఊడ్చే పనికి మార్చాడు. పేడు ఆ నెల దాటకుండానే ఊరి ఆ చివర ఐసు ఫ్యాక్టరీలో చేరి, భార్యాపిల్లతో అక్కడే కింది అంతస్తు గదిలోకి మారాడు. సామాను బండికెక్కిస్తుంటే దూలం రంపం దగ్గరే ఉన్నాడు, ఆ రోజు పని లేకపోయినా.

వదిన మాత్రం మధ్య తలుపు దాటి వచ్చింది. చేతిలో చిల్లులు పెట్టిన పిండి డబ్బా.

"బోడివి. కోళ్ళకి వెయ్యమన్నాడు, నాకు చేతులు రాలేదు. ఆడవీ మగవీ కొన్ని ఉన్నాయి. నువ్వు పెంచినవే అబ్బాయీ, నువ్వే తీసుకుపో."

"దొంగకిస్తున్నావు వదినా" అన్నాడు పేడు, డబ్బా అందుకుంటూ.

ఆ సాయంత్రం దూలం మధ్య తలుపు గొళ్ళెం వెతికి పెట్టాడు. తుప్పు పట్టి ఉంటే సుత్తితో కొట్టాల్సి వచ్చింది.

రెండు ఎండాకాలాలు గడిచాయి. దూలం ఎక్కడెక్కడి నుంచో పురుగులు తెచ్చాడు, రేకుల గదిలో పెట్టాడు. తడి సంచులు పరిచేవాళ్ళు లేరు. వాటి పిల్లలు వచ్చినవి వచ్చినట్టు బోడివే అయ్యాయి. అయినా టీ కొట్టులో అతని కథ బతికే ఉంది. ఇప్పుడందులో కాకికి తోడు తమ్ముడు కూడా చేరాడు. చెప్పిన కొద్దీ పెరిగే కథ కదా, పేడు గోనెసంచిలో డబ్బాలు మోసుకుపోతుండగా కళ్ళారా చూసినవాళ్ళు కూడా తేలారు, కాకి కన్నీళ్ళు చూసినవాళ్ళే.

ఒక సెలవు రోజు పొద్దున్న పెళ్ళాం అతని ముందు టీ గ్లాసు పెట్టి, కదలకుండా నిలబడింది.

"ఇవాళ నీ తమ్ముడు దుంగ దగ్గరికొస్తున్నాడు. పురుగుని తెస్తున్నాడు. అది దొర కొమ్మే. ఎక్కడిదని అరవకముందే విను. నువ్వు కోళ్ళకి వెయ్యమన్న బోడివాటి మనవడు అది. నేనే ఇచ్చా, ఈ చేత్తో. ఐసు ఫ్యాక్టరీ కింద చల్లటి గదిలో పెంచాడు. మొదటి కాన్పుకి సగం కొమ్ములొచ్చాయంట, రెండోదానికి నిండుగా వచ్చాయంట. వాడు వేటినీ మార్చలేదు, ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. అక్కడ నలుగురిలో అన్నావు, అక్కడే నలుగురిలో కాదని చెప్పు."

దూలం టీ తాగలేదు. గ్లాసులో మీగడ కట్టేదాకా దాన్నే చూశాడు. మేడం గొళ్ళెం మాట, సుత్తి దెబ్బ, రెండూ ఒక్కసారే గుర్తొచ్చాయి.

దుంగ దగ్గర పేడు తడి గుడ్డ పరిచిన పెట్టె తెరిచాడు. జనం ముందుకు తోసుకొచ్చారు. నిండు కొమ్ము, కొన ఎడమకి వాలి ఉంది, టోపీ వాల్చి పెట్టుకున్నట్టు. టైర్ల కొట్టువాడి పురుగుని అది గాల్లోకి లేపిన తీరు చూసి టీ కొట్టాయన కూడా పొయ్యి వదిలేసి వచ్చాడు. పందెం ఒక్క ఎత్తుతో అయిపోయింది.

"ఇది దొర వంశమే" అన్నాడెవరో. "అంటే నిజంగానే కొట్టేశాడన్నమాట."

పేడు ఆ మాట విననట్టు అన్న వైపు తిరిగాడు. ఐసు గదిలో పనిచేసి అతని వేళ్ళు తెల్లగా పగిలి ఉన్నాయి.

"వదిన చెప్పే ఉంటుంది. నాకు గెలుపు అక్కర్లేదు. నేను మార్చలేదని ఒక్క మాట అను అన్నయ్యా. అంతే."

అందరూ దూలం వైపు చూశారు. ఎన్నాళ్ళ తర్వాతో, అంతమంది కళ్ళు అతని నోటి మీద. గేటు దగ్గర పెళ్ళాం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. మాట నాలుక చివరి దాకా వచ్చింది. అది అంటే తర్వాతిది కూడా అనాలి. రక్తం కాదు, రేకులనాలి. చెట్టు కొట్టించింది తనేననాలి. అందరూ చుట్టూ నిలబడ్డ దుంగ ఆ చెట్టుదేననాలి.

"చూశారా" అన్నాడు దూలం. గొంతు పాత గొంతే. "దొర రక్తం. నా రక్తం ఎక్కడున్నా, ఎవడింట్లో ఉన్నా గెలుస్తుంది."

జనం చప్పట్లు కొట్టారు. అతను దొంగ అనలేదు, కాదనీ అనలేదు. పేడు పురుగుని పెట్టెలో పెట్టి మూత వేశాడు. పెట్టెలో ఇంకో అరలో దాని జత ఆడది కూడా ఉంది. పెట్టెని అన్న ముందు దుంగ మీద ఉంచాడు.

"నీ రక్తమేగా. ఉంచుకో."

అతను గేటు దాటుతుంటే వెనక నుంచి ఎవరో అన్నారు, దొంగసొమ్ము తిరిగిచ్చేశాడని. దూలం విన్నాడు. వదిన అక్కడే కాదని అరిచింది, కానీ మరిదిని వెనకేసుకొచ్చే వదిన మాట ఎవరు లెక్కచేస్తారు.

ఆ జతనీ, ఆడది పెట్టిన గుడ్లనీ దూలం రేకుల గదిలోనే పెట్టాడు. ఇంట్లో మెట్ల కింద చల్లగా ఉంటుందని పెళ్ళాం చెప్పింది. మెట్ల కింద పెడితే, రక్తం ఎక్కడున్నా గెలుస్తుందన్న మనిషి మెట్ల కిందెందుకు పెట్టాడని వీధి అడుగుతుంది. ఎండాకాలం వచ్చాక నాలుగు రోజులు తనే సంచులు తడిపి పరిచాడు. అయిదో రోజు నిచ్చెన మీద కళ్ళు తిరిగాయి. ఎండ రేకుల మీద కాచినట్టే కాచింది. వానలొచ్చాయి. గూళ్ళు పగిలాయి. అతను సీసాలు ఒక్కొక్కటీ వెలుగులోకి తెచ్చి చూస్తుంటే పెళ్ళాం గుమ్మంలోంచి చూసింది. ఒక్క మగదానికీ కొమ్ము లేదు.

"ఈసారి ఎవరు మార్చారు?" అంది, చాలా మెల్లగా.

దూలం చొక్కా తొడుక్కుని ఐసు ఫ్యాక్టరీకి నడిచాడు. పేడు ఉన్ని టోపీతో బయటికొచ్చాడు, కనుబొమల మీద మంచు నలకలు. దూలం జేబులోంచి బోడి పురుగుని తీసి చూపించాడు. ఏదో చెప్పబోయాడు.

"నాకెందుకు చెప్తావు? నాకు తెలుసుగా" అన్నాడు పేడు. "అన్న చోట చెప్పు." లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాడు. మందపాటి తలుపు. దాని సందుల్లోంచి చలి వచ్చి దూలం కాళ్ళకి తగిలింది.

అన్న చోటికే వెళ్ళాడు. సెలవు రోజు, దుంగ చుట్టూ జనం. బోడి పురుగుని దుంగ మీద పెట్టి గొంతు సవరించుకున్నాడు. అతను గొంతు సవరించుకోగానే టీ గ్లాసుల్తో జనం దగ్గరికి జరిగారు, మొహాల్లో అప్పుడే సగం నవ్వు.

"మా తమ్ముడు ఏదీ మార్చలేదు. దొంగతనం చెయ్యలేదు. మా గదిలో ఎండకి కొమ్ములు రాలేదు. నీడనిచ్చే చెట్టు నేనే కొట్టించా. ఈ దుంగ దానిదే. బోడివాటికి చల్లగా ఉంటే మళ్ళీ కొమ్ములొచ్చాయి."

 టీ కొట్టాయన గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు.

"ఎండకి కొమ్ములు కరిగిపోయాయి, చలికి మళ్ళీ మొలిచాయి. ఇది కాకి కంటే బాగుంది దూలం. ఓనరు మీసం సంగతి కూడా చెప్పు."

"నిజంరా" అన్నాడు దూలం.

"కాకి కూడా నిజమేగా బాబాయ్."

ఇంకోసారి చెప్పాడు. ఈసారి ఇంకా నవ్వారు. ఎవరో ఐసు గడ్డ తెచ్చి బోడి పురుగు నెత్తిన పెట్టారు, కొమ్ము వస్తుందేమో చూద్దామని. పురుగు దుంగ మీంచి జారి కింద పడి, కాళ్ళు పైకెత్తి కొట్టుకుంది. అందరూ దూలం మొహంలోకి చూస్తున్నారు, తర్వాతి ముక్క కోసం.

దూలం వంగి పురుగుని తీసి జేబులో వేసుకున్నాడు. బెంచీ మీద చోటిచ్చారు, టీ ఇచ్చారు. నవ్వులు సర్దుకునేదాకా ఆగి, మరేం చెప్పాలో తోచక, కాకి కథ మొదలుపెట్టాడు. అది అందరూ నమ్మారు.